శూన్యాన్ని సాధించిన స్వామి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మహనీయుల జీవితాలను గూర్చి వ్రాసేవారు పుట్టిన తేదీతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక వేలిముద్రతో మొదలుపెడతాను. ఆ వేలిముద్ర ఆ మహనీయునిది కాదు, నాది.

పోయిన ఏడాది ప్రాజెక్టులో భాగంగా గాజు పలక మీద అల్యూమినియం పలుచని పొర వేయవలసి వచ్చింది. పద్ధతి చెప్పుకోవడానికి సులువే. గాజు గంట కింద పలకను పెట్టి, లోపలి గాలిని పంపులతో తోడేసి, టంగ్‌స్టన్ తీగకు తగిలించిన అల్యూమినియం ముక్కను వేడికి ఆవిరి చేస్తే, ఆ ఆవిరి పోయి పలక మీద అద్దంలా పేరుకుంటుంది. పొర పడడానికి పట్టేది నిమిషమే. కాని అంతకు ముందు పలకను సబ్బునీళ్ళతో, స్వేదనజలంతో, ఎసిటోన్‌తో, ఆల్కహాల్‌తో వరుసగా కడగాలి. ఆరబెట్టాలి. ఆ తర్వాత పట్టకారుతో తప్ప ముట్టుకోకూడదు. దీనికి ఒక పూట పడుతుంది. ఆ రోజు నాకు తొందర. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటరు కోర్సు వాళ్ళ డెమో క్లాసు ఉంది. కొత్త పెట్టెలోంచి తీసిన పలకే కదా, మెరుస్తూనే ఉంది కదా అనుకుని, గుడ్డతో తుడిచి, చేత్తోనే పట్టుకుని లోపల పెట్టేశాను.

పొర బ్రహ్మాండంగా వచ్చింది. అందులో ముఖం చూసుకోవచ్చు. రెండు రోజుల తర్వాత మా సార్ దాని మీద సెల్లో టేపు అంటించి లాగారు. మిగతా చోట్ల పొర నిలిచింది గాని, ఒక మూల మాత్రం టేపుతో పాటు లేచి వచ్చింది. లేచిన చోట నా బొటనవేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. సార్ నన్ను తిట్టలేదు. ఆ టేపు ముక్కను నా రికార్డు పుస్తకంలో అంటించుకోమన్నారు. తర్వాత సెమినార్‌కు నాకొక అంశం ఇచ్చారు. అతివాహక తీగల కోసం వేసే పలుచని పొరల మీద ఆధార ఫలకం తయారీ ప్రభావం, అంటే కింది లోహాన్ని ఎట్లా సిద్ధం చేశారన్న దాన్ని బట్టి పైపొర ఎట్లా మారుతుందన్నది. ముందుగా శూన్యం సంగతి తెలుసుకో, లైబ్రరీకి పో అన్నారు.

లైబ్రరీలో అట్ట ఊడిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పేరు హై వాక్యువా. గాలిని తోడివేసి అత్యధిక శూన్యాన్ని ఎట్లా సృష్టించాలి, ఎట్లా కొలవాలి అన్నది విషయం. 1947లో న్యూయార్క్‌లో వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. రచయిత పేరు చూసి నేను తప్పు చదివానేమో అనుకున్నాను. స్వామి జ్ఞానానంద అని ఉంది. భగవద్గీత వ్యాఖ్యానం మీద ఉండవలసిన పేరు పంపుల పుస్తకం మీద ఎందుకుందో తెలుసుకోవాలని బయలుదేరాను. ఆయన తెలుగువాడని తెలిసినప్పుడు సంతోషం కలిగింది. ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గు కూడా వేసింది.

గోదావరి పల్లె నుండి హిమాలయాలకు

స్వామి జ్ఞానానంద 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గరి గొరగనమూడి గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. చుట్టూ గోదావరి కాల్వలు, కంటికి ఆననంత దూరం వరిచేలు ఉన్న సీమ అది. తండ్రికి శాస్త్రగ్రంథాల మీద మక్కువ. బాలుడు నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు.

1911 ఏప్రిల్‌లో ఈ బాలునికి పద్నాలుగేళ్ళు. అప్పుడే హాలండు దేశంలోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓన్నెస్ అనే శాస్త్రజ్ఞుడు పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తూ పోయి, సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర దాని విద్యున్నిరోధం హఠాత్తుగా మాయం కావడం చూశాడు. అతివాహకత పుట్టింది అక్కడే. ఆ వార్త నరసాపురం బడిదాకా వచ్చి ఉండదు. మన స్వామి జీవితంలో ఎన్నడూ అతివాహకాల మీద పనిచేయలేదు కూడా. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అయినా ఆ తీగల కథను ఈయన కథ పక్కన పెట్టి ఎందుకు చెబుతున్నానో పోనుపోను తేలుతుంది.

ఇంచుమించు ఇప్పటి నా వయసులో ఆయన ఇల్లు విడిచారు. ఉద్యోగానికి కాదు, చదువుకూ కాదు. హిమాలయాలకు పోయి ఏళ్ళ తరబడి యోగసాధన చేశారు. నిజం చెప్పాలంటే, రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ ఘట్టం నాకు మొదట రుచించలేదు. ఎదిగిన కొడుకు ఇల్లు విడిచిపోతే పొలం ఎవరు చూస్తారు అన్నదే నాకు తోచిన మొదటి ప్రశ్న. మన లెక్కలో ఆ సంవత్సరాలన్నీ వృథా. ఇరవై మూడుకు ఉద్యోగం రాకపోతే ఊళ్ళో తలెత్తుకోలేని రోజుల్లో ఉన్నాం మనం. ఆయన ముప్పై దాకా భౌతికశాస్త్రం ముఖమైనా సరిగా చూడలేదు.

ముప్పై దాటిన విద్యార్థి

1920ల చివర ఆయన తన తాత్త్విక భావాలను లోకానికి చెప్పడానికి జర్మనీ వెళ్ళారు. చెప్పడానికి పోయినవాడు నేర్చుకోవడానికి కూర్చున్నాడు. అదే ఆయన గొప్పతనం అని నాకనిపిస్తుంది. ఆ కాలపు జర్మనీ అంటే మాటలు కాదు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం అప్పటికే స్థిరపడింది. 1925 నుండి క్వాంటం యాంత్రికశాస్త్రం కొత్త రూపు దిద్దుకుంటున్నది. పదార్థం అంటే ఏమిటన్న ప్రశ్న, వేదాంతులు వేల ఏండ్లుగా అడుగుతున్న ప్రశ్న, అక్కడ తుల మీదికీ కొలబద్ద మీదికీ ఎక్కింది. స్వామి డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం చదవడానికి చేరారు. ముప్పై దాటిన సన్యాసి, పరాయి భాషలో, తనకంటే పదేండ్లు చిన్నవాళ్ళ నడుమ బెంచీ మీద కూర్చోవడం ఒక్కసారి ఊహించండి. తెలుగు మీడియం నుండి వచ్చి మొదటి సంవత్సరం ఇంగ్లీషు పాఠాల ముందు నోరెళ్ళబెట్టిన నాబోటివాళ్ళకు ఆ కష్టం కొంత తెలుసు.

డ్రెస్డెన్ నుండి ప్రాగ్ నగరానికి, అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయానికి పోయారు. ఎక్స్‌రే వర్ణపటశాస్త్రంలో పేరు మోసిన దొలెయ్‌షెక్ దగ్గర పరిశోధన చేసి, 1930ల మధ్యలో డాక్టరేటు పొందారు. ఎక్స్‌రే వర్ణపటం తీయడమంటే శూన్యంతో కాపురం చేయడమే. గొట్టంలో ఎలక్ట్రాన్లు పోయి లోహపు ముక్కను ఢీకొంటే ఎక్స్‌కిరణాలు పుడతాయి. గొట్టంలో గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దారిలోనే చెదిరిపోతాయి. పెద్ద తరంగదైర్ఘ్యం గల మెత్తని కిరణాలనైతే గాలి మింగేస్తుంది. లోహపు ముఖం మీద పంపు నూనె ఆవిరి పేరుకుంటే, కొలవదలచిన లోహానికి బదులు ఆ మురికి సంకేతమే కలిసి వస్తుంది. గాలిని తోడడం, ముఖాన్ని శుభ్రంగా ఉంచడం ప్రయోగానికి ముందు పని అనుకుంటాం గాని, అక్కడ ప్రయోగంలో ముప్పాతిక భాగం అదే.

తర్వాత ఇంగ్లండు పోయి లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆచార్యుడు జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమానం పొందినవాడు. అక్కడ స్వామి బీటా కిరణాల మీద పనిచేసి మరొక డాక్టరేటు సంపాదించారు. బీటా కిరణాల కొలతలో ఒక చిక్కుంది. రేడియోధార్మిక పదార్థం మందంగా ఉంటే, లోపలి నుండి వచ్చే ఎలక్ట్రాన్లు దారిలోనే కొంత శక్తి పోగొట్టుకుంటాయి. కొలత తప్పు వస్తుంది. కనుక ఆ పదార్థాన్ని వీలైనంత పలుచని, సమమైన పొరగా, వీలైనంత పలుచని ఆధారం మీద పరచాలి. చూశారా, పలుచని పొర ఇక్కడ కూడా వచ్చింది. ఆధారం గొడవ కూడా వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన అమెరికా వెళ్ళి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. లోకమంతా బాంబుల మోతలో ఉండగా, ఒక తెలుగు సన్యాసి ఏమీ లేకపోవడాన్ని ఎట్లా సృష్టించాలో పుస్తకం కట్టాడు. మా లైబ్రరీలో అట్ట ఊడి పడి ఉన్నది ఆ పుస్తకమే.

శూన్యం లెక్కలు

శూన్యం అనగానే మనకు ఏమీ లేనిది అన్న భావం వస్తుంది. లెక్క వేస్తే ఆ భావం పోతుంది. మనం పీల్చే గాలిలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. మా ప్రయోగశాలలోని పంపులు బాగా పనిచేస్తే పీడనం పాదరసపు మట్టంలో మిల్లీమీటరులో పది లక్షల వంతుకు దిగుతుంది. అంటే వాతావరణంలో డెబ్బై ఆరు కోట్లవ వంతు. అంత తోడిన తర్వాత కూడా ఒక ఘన సెంటీమీటరులో ఇంకా మూడు వేల కోట్ల పైచిలుకు అణువులు మిగిలే ఉంటాయి.

అయితే అవి ఒకదానికొకటి తగలకుండా సగటున యాభై మీటర్లు ప్రయాణించగలవు. కనుక ఆవిరైన లోహపు పరమాణువు ఎవరికీ తగలకుండా నేరుగా పలకను చేరుతుంది. అది లాభం. ఇక నష్టం వినండి. ఆ పీడనంలో కూడా పలకను కొట్టే వాయు అణువులన్నీ అంటుకుంటే, ఒకటి రెండు సెకండ్లలో పలక ముఖమంతా ఒక అణువు మందాన కప్పుకుపోతుంది. సెకండు కాలం! శూన్యాన్ని మరో వెయ్యి రెట్లు పెంచితే గాని ఆ వ్యవధి పావుగంటకు చేరదు. గాలితోనే ఇంత గొడవ ఉంటే, నా బొటనవేలి చమట, నూనె, ఉప్పు ఆ ముఖం మీద ఎంత పెద్ద కొండలో ఆలోచించండి. నేను అల్యూమినియంను గాజు మీద పరిచానని అనుకున్నాను. నిజానికి నా వేలి జిడ్డు మీద పరిచాను. జిడ్డు గాజును పట్టుకోలేదు, పొర జిడ్డుతో పాటు పోయింది.

స్వదేశాగమనం

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో స్వామి భారతదేశం తిరిగి వచ్చారు. ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల అప్పుడే రూపుదిద్దుకుంటున్నది. 1947 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1950 జనవరిలో ప్రారంభోత్సవం జరుపుకున్న సంస్థ అది. కె.ఎస్. కృష్ణన్ దానికి సారథి. స్వామి అక్కడ కొంతకాలం పనిచేశారు.

తర్వాత 1954లో విశాఖపట్నం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అప్పుడు వి.ఎస్. కృష్ణ ఉపాధ్యక్షులు. అణుభౌతిక శాస్త్రం నేర్పడానికి అక్కడ పునాది నుండి కట్టుకు రావాలి. పరికరాలు సమకూర్చుకోవాలి, వాటిని నడిపే పిల్లలను తయారుచేసుకోవాలి. 1956లో అణుభౌతిక శాస్త్రం ప్రత్యేక శాఖగా ఏర్పడింది. ఆయన చేతిలో మొదలైన ఆ ప్రయోగశాలలో బీటా, గామా కిరణాల మీద తరతరాల విద్యార్థులు పనిచేశారు. తర్వాత వాటికి ఆయన పేరే పెట్టారు. 1969 సెప్టెంబరు 21న ఆయన పరమపదించారు.

ఒక్కసారి లెక్క చూసుకుందాం. ఆయన బతికింది డెబ్బై రెండేళ్ళు. అందులో మొదటి ముప్పైకి భౌతికశాస్త్రంతో సంబంధం లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పరాయి దేశాల్లో నేర్చుకోవడానికి పోయాయి. తెలుగు పిల్లలకు నేర్పే అవకాశం యాభై ఏడో ఏట గాని రాలేదు. తయారీకే జీవితంలో ఎక్కువ భాగం పట్టింది. కాని పైన వేసిన పొర నిలిచింది.

తీగ కాని తీగ

ఇక నా సెమినార్ అంశానికి వస్తాను. స్వామి పోయిన పద్దెనిమిదేళ్ళకు, 1987లో, అమెరికాలోని పాల్ చూ, వూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక పదార్థం సుమారు మైనస్ 180 డిగ్రీల దగ్గరే అతివాహకం అవుతుందని చూపాయి. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. అంటే ఖరీదైన ద్రవ హీలియం అక్కరలేదు. లోకం పండుగ చేసుకుంది. కాని పండుగ మరునాడు ఒక సంగతి బయటపడింది. ఈ పదార్థం లోహం కాదు, కుండపెంకు జాతిది. వంచితే విరుగుతుంది. ఎం.ఆర్.ఐ. యంత్రాలలో వాడే నియోబియం-టైటానియం లాగా దీన్ని తీగలా సాగదీయడం కుదరదు.

దానికి తోడు ఇంకొక చిక్కు. ఈ పదార్థంలో స్ఫటికపు గింజలు ఒకదాని పక్కన ఒకటి ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి. పక్క గింజ వంకరగా కూర్చుంటే కరెంటు ఆ గట్టు దాటలేదు. ఐ.బి.ఎమ్. సంస్థ పరిశోధకులు 1988లో దీన్ని కొలిచి చూపారు. వంకర పది డిగ్రీలు దాటేసరికి ప్రవాహం పదో వంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. కిలోమీటరు పొడుగున కోట్ల కోట్ల గింజలు కవాతు చేసినట్లు ఒకే వరుసలో నిలబడాలన్నమాట.

దీనికి కనిపెట్టిన ఉపాయమే పొర. సన్నని లోహపు పట్టీ తీసుకుని, దాని మీద అతివాహకాన్ని ఒకటి రెండు మైక్రాన్ల మందాన పరుస్తారు. పేరుకు తీగ, నిజానికి రిబ్బను. పట్టీ సాధారణంగా నికెల్ మిశ్రలోహం. అటువంటి నికెల్ మిశ్రలోహాలు తయారుచేసే మిధాని, ఎల్.బి. నగర్ కూడలి నుండి ఒవైసీ చౌరస్తా మీదుగా పోతే వచ్చే కంచన్‌బాగ్‌లోనే ఉంది. మన గడప పక్కనే ఉన్న విద్య ఇది.

మిల్లు నుండి వచ్చిన పట్టీ కంటికి అద్దంలా మెరుస్తుంది, నా గాజు పలక మెరిసినట్లే. సూక్ష్మదర్శినిలో చూస్తే రోలర్లు గీసిన చాళ్ళు, గుంటలు, అంటుకున్న నూనె. దాన్ని కడిగి, ఆమ్లంలో ముంచి కరెంటు పంపుతారు. ఎత్తుగా ఉన్న చోట్లు ముందు కరిగి ముఖం చదునవుతుంది. ఇంకొక దారి కూడా ఉంది. కరిగించే బదులు, ఇట్రియం ఆక్సైడు ఇచ్చే ద్రావణాన్ని పలుమార్లు పూసి కాలుస్తూ గుంటలు పూడ్చుకుంటూ వస్తారు. ఏ దారిన పోయినా, అయిదు మైక్రాన్ల చదరంలో ఎత్తుపల్లాలు సగటున ఒకటి రెండు నానోమీటర్లకు మించకూడదు.

ఈ అంకె సెమినార్‌లో చెబితే ఎవరికీ ఎక్కలేదు. అందుకని మా నల్లగొండ లెక్కలో చెప్పాను. ఆ చదరాన్ని ఒక ఎకరం మడి అంత పెంచి చూడండి. అప్పుడు ఆ రెండు నానోమీటర్లు ఒక అంగుళం అవుతాయి. ఎకరం మడిలో ఎక్కడా అంగుళానికి మించి ఎచ్చు తగ్గు ఉండకూడదన్నమాట. కరిగట చేసి, గొర్రు కొట్టి, నీళ్ళు పెట్టి చదును చూసుకునే మా నాయనకు ఈ అంకె వెంటనే అర్థమయింది. అంగుళమా, అంత బాగా చదును చేసే మనిషి మన ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు లేడు అన్నాడు.

చదును అయిన తర్వాత కూడా అతివాహకాన్ని నేరుగా వేయరు. లోహంలోని నికెల్ పైకి ఎగబాకి పొరను చెడగొట్టకుండా అల్యూమినియం ఆక్సైడు అడ్డుగోడ వేస్తారు. దాని మీద ఇట్రియం ఆక్సైడు. దాని మీద మెగ్నీషియం ఆక్సైడు వేస్తూ, ఏటవాలుగా అయాన్ల ధారతో కొడతారు. ఆ దెబ్బలకు సరైన దిక్కుకు తిరిగిన గింజలే నిలిచి పెరుగుతాయి, వంకరవి పోతాయి. పది నానోమీటర్ల మందంలోనే ఈ క్రమశిక్షణ కుదురుతుంది. అడుగున గరుకు ఉంటే ఆ వరుస చెదురుతుంది. ఆపైన ఇంకొక సంధి పొర వేసి, అప్పుడు గాని అతివాహకాన్ని వేయరు. పైన వెండి, రాగి కప్పుతారు. ఇదంతా స్వామి పుస్తకం వ్రాసిన ఆ శూన్యం విద్య మీద ఆధారపడి నడిచేదే.

ఫలితం ఏమిటంటే, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం గల పట్టీ, ద్రవ నైట్రోజన్‌లో నూరు ఆంపియర్లకు పైగా నిరోధం లేకుండా మోస్తుంది. అదే కొలత రాగి రేకు కొద్ది ఆంపియర్లకే వేడెక్కుతుంది. 2021 సెప్టెంబరులో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ వారు, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సంస్థ కలిసి ఇటువంటి పట్టీలతోనే 20 టెస్లాల భారీ అయస్కాంతాన్ని నిర్మించి పరీక్షించారు. సూర్యునిలోని సంలీన శక్తిని భూమి మీద పట్టడానికి అది ఒక మెట్టు.

మడితో పోలిక ఒకచోట ఆగిపోతుందని కూడా చెప్పాలి. మడిలో ఒక మూల మెరక అయితే ఆ మూల పైరే ఎండుతుంది, మిగతాది పండుతుంది. పట్టీ అట్లా కాదు. కరెంటు మొదటి నుండి చివరి దాకా అదే దారిన పోవాలి. కిలోమీటరులో ఒక్క చోట అడుగు చెడి పొర దెబ్బతింటే, మొత్తం పట్టీ శక్తి ఆ ఒక్క చోటు మోయగలిగినంతే. అంతకు మించి పంపితే అక్కడ వేడి పుట్టి కాలిపోవచ్చు. ఒక్క వేలిముద్ర చాలు.

ఎల్.బి. నగర్ షెడ్డు

సెమినార్ అయిన వారం, ఊరి నుండి వచ్చి ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి, మెట్రోకు పోకుండా నడుస్తూ దారి పక్క ఒక కార్ల పెయింటింగు షెడ్డు ముందు ఆగాను. ఒకాయన కారు తలుపుకు లప్పం పెట్టి, నీళ్ళు చల్లుకుంటూ సాన కాగితంతో రుద్దుతున్నాడు. రంగు ఎప్పుడు వేస్తావన్నా అని అడిగితే, రేపు సాయంత్రం అన్నాడు. రంగుకు గంట, దీనికి రెండు రోజులట. ప్రైమరు తర్వాత కూడా మళ్ళీ రుద్దాలట. నాకు నవ్వొచ్చింది. నా సెమినార్ అంతా ఆయన చేతిలో ఉంది.

కాని తేడా కూడా ఉంది. రంగు పట్టు దొరకాలని ఆయన కావాలని కొంచెం గరుకు మిగులుస్తాడు. అతివాహకపు పట్టీకి ఆ గరుకు పనికిరాదు. అంటే తయారీకి ఒకే సూత్రం లేదు. పైన ఏది నిలవాలో దాన్ని బట్టి కింద తయారుకావాలి. శుభ్రం మాత్రం ఇద్దరికీ తప్పదు.

ఈ మాట తోచాకే స్వామి జీవితంలో నాకు రుచించని ఆ హిమాలయాల ఘట్టం కొంత అర్థమయింది. రాత్రంతా పీడనం దిగడం కోసం కాచుకుని కూర్చోవడం, ఎక్కడో కంటికి కనబడని చిల్లి కోసం వెతకడం, చెడితే విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టడం శూన్యం పని. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చోవడం నేర్చిన మనిషికి అది పరాయి పని అయి ఉండదు. ఆయన వృథా చేశాడని నేను లెక్కకట్టిన సంవత్సరాలు బహుశా ఆ తర్వాతి పనికి అడుగు పొర. ఇది నా ఊహ మాత్రమే.

నా మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కోర్సుల బోర్డులు కనబడతాయి. నలభై అయిదు రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు. ఆ కోర్సులను నేను తక్కువ చేయడం లేదు. మా హాస్టల్ గదిలోని ముగ్గురిలో ఇద్దరు వాటి పుణ్యాన ఇంటికి డబ్బు పంపుతున్నారు. నా కోర్సు ఫీజు కోసం మా నాయన ఒడ్లు అమ్మిన డబ్బు పక్కన పెట్టాడు కూడా. కాని గాజు పలక మీద నేను చేసిన పనే నా చదువు మీద కూడా చేస్తున్నానా అన్న అనుమానం నన్ను వదలలేదు. కింద ఏముందో చూసుకోకుండా పైన మెరిసేది వేసుకోవడానికి పరుగెత్తుతున్నానేమో.

మొన్న వానకాలం నాట్లకు ఊరికి పోయినప్పుడు, ఆ డబ్బు కోర్సుకు వద్దు, ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు చదువుతానని నాయనతో చెప్పాను. ఎన్నేండ్లు అని అడిగాడు. రెండు అన్నాను. తర్వాత ఉద్యోగం వస్తదా అంటే, చెప్పలేను అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మడిలో ఒక మూల నీళ్ళు నిలవడం లేదని చూసి, పార తీసుకుని అటు పోయాడు. అది ఒప్పుకోవడమో కాదో నాకింకా తెలియదు. డబ్బు మాత్రం అట్లానే ఉంది.

మిత్రులారా, మన లైబ్రరీలో ఆ పుస్తకం అట్టకు మేము కొందరం కలిసి బైండింగు చేయించాం. వీలున్నవారు ఒకసారి తెరవండి. నా గాజు పలకను కూడా మళ్ళీ మొదటి నుండి కడిగాను, ఈసారి పూటంతా పట్టింది. పొర వేసి వారం రోజులు ఆగి టేపు అంటించి లాగాను. టేపు ఖాళీగా వచ్చింది. రెండు టేపు ముక్కలూ, వేలిముద్ర ఉన్నదీ లేనిదీ, నా రికార్డు పుస్తకంలో ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. చూడదలచినవారు ప్రయోగశాలకు రావచ్చు.